పిడికెడు బియ్యం, రెండు గంటలు

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాదులో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఈ దృశ్యం మనకు అలవాటే. రాత్రి పది దాటాక ఓ వ్యాను ఆగుతుంది. నలుగురు కుర్రాళ్ళు దిగుతారు. వరంగల్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళను దాటుకుని వెళ్తారు. మెట్రో స్తంభాల పక్కన పడుకున్నవాళ్ళ మీద దుప్పట్లు కప్పుతారు. వెనకాల ఒక బ్యానరు. ఒక ఫొటో. వ్యాను వెళ్ళిపోతుంది.

మంచి పనే. చలిలో దుప్పటి దుప్పటే. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆ దుప్పటి కప్పుకున్న మనిషికి జనవరిలో జ్వరం వస్తే? మే నెల ఎండలో కాలికి దెబ్బ తగిలితే? ఆ వ్యాను మళ్ళీ వస్తుందా? చాలాసార్లు రాదు. వచ్చే డిసెంబరుకు వస్తుంది. కొత్త బ్యానరుతో.

క్రైస్తవ విశ్వాసం ఆదివారం ఆరాధనతో ఆగిపోకూడదని అందరం ఒప్పుకుంటాం. చుట్టుపక్కల జనానికి ఉపయోగపడాలని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. మరి ఎలా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఇవాళ ఒకే ఒక్క ఉపాయం చెప్తాను. అది కొత్తది కాదు. మన తెలుగు పల్లెల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చేసిందే. పిడికెడు బియ్యం.

పల్లెటూరి సంఘాల్లో పెరిగినవాళ్ళకు దీని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. పొయ్యి మీద ఎసరు పెడతారు. బియ్యం కొలిచి పోసుకుంటారు. కడగకముందే అందులోంచి ఒక్క పిడికెడు తీస్తారు. పక్కనున్న ముంతలో వేస్తారు. వండిన ప్రతిపూటా అంతే. ఆదివారం ఆ ముంత మందిరానికి వెళ్తుంది. అందరి ముంతలూ కలిస్తే ఓ గోనెసంచి నిండుతుంది. ఆ బియ్యం సంఘం అవసరాలకు పనికొస్తాయి. కన్నబిడ్డలు, కట్టుకున్నవాళ్ళు లేని ముసలివాళ్ళకు పనికొస్తాయి.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో తొలి బిషప్ ఆయనే. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగువాళ్ళ మధ్య బతికిన మనిషి. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. కూలి డబ్బులు చేతికి రాకముందే అప్పుకు పోయే ఇళ్ళు. అలాంటివాళ్ళను కానుక అడగడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అజరయ్య గారు అలా అనుకోలేదు. పేదవాడు పుచ్చుకునేవాడిగానే మిగిలిపోకూడదు, ఇచ్చేవాడు కూడా కావాలి అన్నారు. ఇవ్వడం గురించి ఇంగ్లిషులో ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేదా? బియ్యం ఇవ్వు. బస్తా లేదా? పిడికెడు ఇవ్వు.

ఈ పిడికెడులో ఉన్న తెలివి చూడండి. మొదటిది, అన్నం తిన్నాక మిగిలింది ఇవ్వరు. వండకముందే తీస్తారు. రెండోది, పండక్కి ఒక్కసారి తియ్యరు. వండిన ప్రతిసారీ తీస్తారు. ముందే తియ్యాలి. ప్రతిసారీ తియ్యాలి. పిడికెడే కాబట్టి ఇంట్లో ఎవరికీ లోటు తెలియదు. ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకోండి. ముందే, ప్రతిసారీ.

ఇప్పుడు ఉప్పల్, నాచారం వైపు వద్దాం.

ఇక్కడ బియ్యానికి అంత కరువు లేదు. రేషను దుకాణముంది. ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం పంచేవాళ్ళున్నారు. మరి దేనికి కరువు? తోడు వచ్చే మనిషికి కరువు. కాసేపు పక్కన కూర్చునే మనిషికి కరువు. అందుకే ఈ ముంతలో బియ్యానికి బదులు కాలం వెయ్యమంటున్నాను. వారానికి రెండు గంటలు. ఆ పని ఈ పని అయ్యాక మిగిలిన రెండు గంటలు కాదు. వారం మొదట్లోనే తీసి పక్కన పెట్టిన రెండు గంటలు. ప్రతి వారం.

ఏం చెయ్యాలి ఆ రెండు గంటల్లో? దూరం వెళ్ళక్కర్లేదు. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి, అంటే కార్మికుల బీమా ఆసుపత్రి, ఉంది. పక్కనే పారిశ్రామికవాడ. మల్లాపూర్ దాకా ఫ్యాక్టరీలే. మందుల కంపెనీలు, ఇంజినీరింగ్ వర్క్‌షాపులు, ప్యాకింగ్ యూనిట్లు. వాటిలో పనిచేసేవాళ్ళలో మహబూబ్‌నగర్ నుంచి, నల్గొండ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఒడిశా, బీహార్ కుర్రాళ్ళున్నారు. వాళ్ళ జీతంలోంచి నెలనెలా ఈఎస్ఐ కింద కొంత పోతుంది. నూటికి ముప్పావలా. అంటే వెయ్యి రూపాయలకు ఏడున్నర. యజమాని నూటికి మూడుంపావు కడతాడు.

సరే, కడుతున్నారు. కట్టినందుకు ఏమేం వస్తాయో తెలుసా? ఓపీ చీటీ, మందులు, ఆపరేషను. ఇంతవరకు చాలామందికి తెలుసు. జబ్బుచేసి పనికి పోలేకపోతే జీతంలో నూటికి డెబ్బై వంతుల చొప్పున డబ్బు వస్తుందని ఎంతమందికి తెలుసు? ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. దానికి షరతులున్నాయి. ఆరు నెలల గడువులో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. ఈఎస్ఐ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు ఉండాలి. భార్యాపిల్లలకే కాదు, తన మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా వైద్యం దొరుకుతుంది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు కాన్పు సెలవు 26 వారాల దాకా, పూర్తి వేతనంతో. దానికీ చందా షరతుంది. ఇవన్నీ చట్టం ఇచ్చినవే. ఈఎస్ఐ 1948 నాటి చట్టంతో మొదలైంది. ఎవరి దయా కాదు.

ఇప్పుడు ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. ఒడిశా నుంచి వచ్చాడు. టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు పనికి పోలేదు. గదిలో ఉండే స్నేహితులు షిఫ్టుకు పోతే మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. జీతం రాదనుకుని అప్పు చేశాడు. అప్పు ఎవరిచ్చారు? నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఎవరో ఇచ్చారు. సర్టిఫికెట్టు తీసుకోవాలని అతనికి చెప్పినవాళ్ళు లేరు. ఈఎస్ఐ కార్డులో తండ్రి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఏ కాగితం పట్టుకెళ్ళాలో తెలియదు. ఆసుపత్రివాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. కౌంటరు దగ్గర వెనక ఇంకా చాలామంది ఉంటారు. ఒక్కొక్కరికీ పావుగంట చెప్పే తీరిక ఆ కిటికీలో కూర్చున్న మనిషికి ఉండదు.

మరి ఎవరికుంటుంది? మీ సంఘంలో చూడండి. బ్యాంకులో రిటైరైన అంకుల్ ఉన్నారు. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన అన్నయ్య ఉన్నాడు. స్కూల్లో హిందీ చెప్పే అక్క ఉంది. ఈ ముగ్గురికీ తెలివి ఉంది, ఓపిక ఉంది. ఆదివారం మందిరంలో చాపలు ఎత్తేదాకా ఉండి కబుర్లు చెప్పుకునే తీరికా ఉంది. గురువారం పొద్దున రెండు గంటలు, పదింటి నుంచి పన్నెండింటి దాకా, ఆసుపత్రి అధికారుల అనుమతి తీసుకుని వాళ్ళు చూపించినచోట కూర్చోవచ్చు. ఫారం నింపి పెట్టవచ్చు. "తమ్మీ, ముందు డిస్పెన్సరీకి పో. అక్కడ రాయించుకుని ఇటు రా" అని చెప్పవచ్చు. హిందీలో అడిగినవాళ్ళకు హిందీలో చెప్పవచ్చు. ఇంతే పని. చూస్తే చిన్నది. ఆ కుర్రాడికి మాత్రం చాలా పెద్దది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మొదటి గురువారం ఉత్సాహంగా పోతాం. రెండో గురువారం పోతాం. మూడో గురువారం వాన. నాలుగో గురువారం మేనకోడలి నిశ్చితార్థం. అక్కడితో సరి. అందుకే మళ్ళీ చెప్తున్నాను. ముందే తియ్యాలి. ప్రతిసారీ తియ్యాలి. ఒక్కరితో ఇది సాగదు. ముగ్గురు నలుగురు కలిసి వంతులు వేసుకోవాలి. మీరు రాలేని గురువారం మీ బదులు ఇంకొకరు రావాలి. మనిషి మారినా ఫరవాలేదు. గురువారం మారకూడదు.

బైబిల్లో సమరయుడి కథ మీకు తెలుసు. యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి. యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. లేవీయుడూ అంతే. సమరయుడు ఆగాడు. గాయాలు కట్టాడు. ప్రసంగాల్లో ఎక్కువగా ఇంతవరకే వింటాం. నాకు ఆ తర్వాతి భాగం ముఖ్యమనిపిస్తుంది. అతను ఆ మనిషిని సత్రానికి తీసుకుపోయాడు. సత్రంవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. అంటే ఆ రోజుల్లో రెండు రోజుల కూలి. పైన ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. చూశారా? ఆ దారినే మళ్ళీ రావాలని అప్పుడే అనుకున్నాడు.

ఇక ఇంకో సంగతి. ఇది కాస్త నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి.

సేవ చేసేటప్పుడు ఎదుటివాడి నుంచి ఏమైనా ఆశించవచ్చా? మన మందిరానికి వస్తాడని? మన మతం పుచ్చుకుంటాడని? దీనికి జవాబు దాదాపు నూట యాభై ఏళ్ళ కిందట ఒంగోలులో దొరికింది. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశమంతా కరువు. పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉండేవారు. జనం ఆయన్ని క్లౌ దొర అనేవారు. ఆయనకు కుర్రతనంలో భూమి సర్వే పని అలవాటు. ఆ రోజుల్లో కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నారు. క్లౌ దొర అందులో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకున్నారు. లాభం కోసం కాదు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకడం కోసం. ఆయన బోధకులే మేస్త్రీలై పని చూసుకున్నారు. సాయంత్రం పూట కూలీలతో కూర్చుని మాట్లాడేవారు.

ఆ మాటలు విని చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపేశారు. ఎందుకని? కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ గడువు దాటాకే ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో ఈ అంకె గొప్పగా రాస్తారు. నన్నడిగితే అంతకుముందు ఆయన వద్దన్న ఏడాదే గొప్పది. అన్నం పెట్టే చెయ్యి వేరు, నీళ్ళలో ముంచే చెయ్యి వేరు అని ఆయన తేల్చి చెప్పిన ఏడాది అది.

కాబట్టి నాచారం ఆసుపత్రిలో కూర్చుంటే ఫారం నింపండి. కరపత్రం ఇవ్వకండి. ప్రార్థన చెయ్యమని వాళ్ళే అడిగితే చెయ్యండి. అడక్కపోతే "జాగ్రత్త అమ్మా, మందులు టైముకు వేసుకో" అని పంపించండి. మంచం మీదున్న మనిషి లేచి పోలేడు. అలాంటివాడికి మన మాట వినిపించడం మర్యాద కాదు. ఫొటో అసలే వద్దు.

మళ్ళీ మళ్ళీ వెళ్ళడం ఎందుకంత ముఖ్యమో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి చెప్తుంది. అక్కడ 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ ఆవిడ, ఆమె భర్త జార్జ్ కెర్ నడిపారు. పెద్ద విరాళం ఇచ్చింది ఎవరనుకున్నారు? నర్సాగౌడ్ గారు. నిజామాబాద్ హిందువు. ఆ రోజుల్లో కుష్ఠుకు ఇప్పటి మాత్రలు లేవు. హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. బాగా నొప్పి. ఒకటి రెండు సూదులతో అయ్యే పని కాదు. నెలల తరబడి వెయ్యాలి. రోగి మళ్ళీ రావాలి. డాక్టరమ్మ మళ్ళీ వెయ్యాలి. ఇంట్లోవాళ్ళే తాకని మనిషిని తాకుతూ ఉండాలి. ఒక్క రోజు సేవతో అయ్యేదైతే డిచ్‌పల్లి పేరు మనం ఇవాళ చెప్పుకునేవాళ్ళం కాదు.

మన దగ్గరికే వద్దాం. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తుందా? హబ్సిగూడ ఎనిమిదో నంబరు వీధి, రామంతపూర్ చెరువుల కింది కాలనీలు, ఉప్పల్ నల్లచెరువు చుట్టుపక్కల. ఇళ్ళల్లో నడుము లోతు నీళ్ళు. పడవలు తిరిగాయి. మొదటి రెండు రోజులు అన్నం పొట్లాలు పంచారు. గుళ్ళ నుంచి, మసీదుల నుంచి, చర్చిల నుంచి, కాలనీ సంఘాల నుంచి. ఎవరూ వెనక్కి తగ్గలేదు. అది హైదరాబాదు పద్ధతి. తర్వాత ప్రభుత్వం ఇంటికి పదివేల రూపాయలు ప్రకటించింది. నవంబరులో మీసేవ కేంద్రాల ముందు పొద్దున్నుంచి వరసలు. అప్పుడు పొట్లాలు తెచ్చినవాళ్ళు ఎక్కడున్నారు? తడిసి ముద్దయిన ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డ ముసలమ్మకు అన్నం పొట్లం అక్కర్లేదు. "పెద్దమ్మా, నువ్వు కూర్చో. నీ బదులు నేను లైన్లో నిలబడతా" అనే మనిషి కావాలి.

ఇలా ఎన్నో ఏళ్ళుగా మానకుండా చేస్తున్నవాళ్ళు మన మధ్యే ఉన్నారు. రామంతపూర్‌లో డాన్ బోస్కో నవజీవన్ ఉంది. స్టేషన్లలో, వీధుల్లో దిక్కులేకుండా తిరిగే పిల్లలను చేరదీసే చోటు అది. అక్కడ పిల్లలకు పండగ రోజు కేకు తెచ్చేవాళ్ళకు కొదవుండదు. మామూలు మంగళవారం లెక్కలు చెప్పేవాళ్ళే ఎక్కడైనా తక్కువ. పిల్లల దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం ఆ సంస్థ నియమాలు తెలుసుకుని, వాళ్ళు ఒప్పుకుంటేనే వెళ్ళండి. పిల్లల భద్రత ముందు. మన ఉత్సాహం తర్వాత.

ఇక్కడ మీలో కొందరు అంటారు, "మాకు ఖాళీ ఎక్కడండీ?" అని. నాచారంలో షిఫ్టు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో గంట. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. నిజమే. మరి అజరయ్య గారి కూలీలకు బియ్యం ఎక్కువై ఇచ్చారా? రెండు గంటలు కాకపోతే ఒక గంట తియ్యండి. గంట కాకపోతే నెలకోసారి తియ్యండి. ఎంత తీశారని ఎవరూ కొలవరు. తియ్యడం మానొద్దు.

ఇంకొందరు అంటారు, "అది పాస్టరు గారు చూసుకోవాలి గదా" అని. పాస్టరు గారికి ఆరాధనలున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, సమాధి కార్యక్రమాలున్నాయి. పైగా చిన్న సంఘాల్లో చాలామంది కాపరులు వేరే ఉద్యోగం చేసుకుంటూ పరిచర్య చేస్తున్నారు. ముంతలో పిడికెడు వేసింది కాపరి కాదు. ఇంటి ఇల్లాలు.

పెద్దలకు ఒక మనవి. మన సంఘాల లెక్కల్లో సెమీ క్రిస్మస్‌కు ఒక పద్దు ఉంటుంది. స్టేజీకి, సౌండు సిస్టమ్‌కు, బిర్యానీకి. పండగ చెయ్యొద్దనను. నేనూ ఆ బిర్యానీ తిన్నవాణ్ణే. కానీ ఆ లెక్కల పుస్తకంలోనే ఇంకో పేజీ తెరవండి. దాని మీద రూపాయలు రాయకండి. గంటలు రాయండి. ఏ గురువారం ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు. వార్షిక సమావేశంలో కానుకల లెక్కతో పాటు ఆ గంటల లెక్క కూడా చదవండి. ఏ సంఘం పెద్దదో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది.

వేరే మతాల శ్రోతలకు కూడా ఒక మాట. మీ గుడి, మీ మసీదు, మీ గురుద్వారా పక్కన కూడా ఇలాంటి ఆసుపత్రే ఉంటుంది. ఆ కౌంటరు ముందు మీవాళ్ళూ మావాళ్ళూ ఒకే వరసలో ఉంటారు. ఈ గురువారం మీరు, వచ్చే గురువారం మేము అని వంతులు వేసుకుంటే ఇంకా మంచిది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే చెప్పులేసుకుని బయటికి రాకండి. మీ పక్కన కూర్చున్న ఇద్దరిని ఆపండి. వారంలో ఏ రోజు రెండు గంటలు తియ్యగలరో అడగండి. ఆ రోజు పేరు అక్కడికక్కడే రాసుకోండి. తర్వాత ముగ్గురూ కలిసి ఆసుపత్రి ఆఫీసుకు వెళ్ళి, మేం ఎక్కడ కూర్చోవచ్చు అని అడగండి.